కాయ వలిచేంత సేపు

అడ్డాకుల టోల్‌గేటు కాడ
బండి నిలబడేది ఎంతసేపని?
మూడు ఊపిర్లు.
ఆ మూడు ఊపిర్లల్లనే
అద్దం దిగాలె, పొట్లం అందాలె,
పైసలు నా కొంగుల పడాలె.
ఫాస్టాగు వచ్చినంక
మూడు ఊపిర్లు కాస్త ఒకటిన్నరయినయి.
ఇగ నేను బండ్ల ఎంబడి ఉరుకుడు నేర్చిన.

ఉప్పేసి ఉడకబెట్టిన పల్లికాయ నాది.
సల్లారితే డ్రైవర్లు మొఖం తిప్పుకుంటరు.

కుర్వ బీరప్ప బొలెరో
చూడకున్నా ఎరుకనే నాకు,
హారను రెండుసార్లు పొట్టిగ, ఒకసారి పొడుగ్గ.
శనివారం పెబ్బేరు సంతల గొర్రెలు నింపుకొని
జియాగూడకు పోతుండె.
"దిగి తినరాదు పిలగా" అంటే
"ఆగితే ఎనక జీవాలు ఉక్కిరిబిక్కిరైతయి చిన్నమ్మా,
తొవ్వల తింట తియ్" అనేటోడు.
జీవాల మీద పావురం, అబద్ధం కాదది.
ఒడిల నా పొట్లం,
తొడల నడుమ చాయ్ గిలాస,
స్టీరింగు మీద మోచేతులు.

పల్లికాయ అరటిపండు కాదు,
ఒక్క చేత్తోని వలవరాదు.
పదకొండేండ్ల సంది అమ్ముతున్న,
నాకు తెల్వదా?
తెలిసే ఇచ్చిన.
ఇరవై రూపాలు లెక్కపెట్టుకున్న.

జానంపేట దాటినంక అయిందట.
పక్కన కూసున్న క్లీనర్ పోరడు ఖదీరు
దవాఖాన కట్టు తోనే వచ్చి చెప్పిండు,
"చాయ్ ఒలికింది చిన్నమ్మా, తొడ కాలింది,
అన్న కిందికి చూసిండు."
"ఎంతసేపు రా?"
"ఎంతసేపు... ఒక్క కాయ వలిచేంత."
ముంగట ట్రాక్టరు, ఎనక దానికి లైటు లేదు.

సచ్చినయి సావంగ
మిగిలిన గొర్రెలు డివైడరెక్కి
గన్నేరాకు మేసుకుంట నిలబడ్డయట,
అది విషమని వాటికి చెప్పెటోడు
అద్దం పెంకుల మీద పండుకొని ఉన్నడు.

బీరప్ప బతికిండు.
కుడిచెయ్యి మోచేతి దాకనే బతికింది.

ఆ వారం నేనొక తెలివి చేసిన.
రాత్రంత కూసోని కాయలు వలిచి
గింజలే అమ్మిన, కాగితం కప్పుల.
వేలిగోర్లు ఉప్పుకు పగిలినయి.
తెల్లకారాయన ఒకడు
గింజలు గుప్పిట పోసుకొని
తల ఎనకకు వాల్చి
నోట్లె ఏసుకుంటనే గేటు దాటిండు,
కండ్లు కారు టాపు దిక్కు.
అప్పుడు సమజయింది,
తప్పు పొట్టుది కాదని.

గేటు దాటినంక తుమ్మచెట్టు కింద
సిమెంటు ఇటుకల మీద రెండు పలకలేసిన.
దిగితేనే ఇస్త, కూసుంటేనే ఇస్త.
సగం బేరం పోయింది.
"నువ్వు ఇయ్యకుంటే అవతల పిల్లలు
చిప్సు ప్యాకెట్లు ఇస్తనే ఉన్నరు కదా అత్తమ్మా"
అంటది కోడలు మణెమ్మ.
నిజమే.
దానికి నా కాడ జవాబు లేదు,
పొయ్యిలకు ఇంకో కట్టె దోస్త.
కొందరు హారను కొట్టి కొట్టి
ఒక మాట అని పోతరు.
మొన్న ఒక లారాయన మాత్రం దిగిండు,
నడుం ఇరుసుకున్నడు,
"ఏడు గంటలైంది కాలు కింద పెట్టక" అన్నడు.

నిన్న శనివారం.
కొత్తకోట బస్సు దిగి బీరప్ప వచ్చిండు.
పలక మీద కూసున్నడు.
పొట్లం ఇప్పి పెట్టిన,
వలిచిస్తామని చెయ్యి చాపిన.
"ఉండు చిన్నమ్మా."
కాయను పలక మీద పెట్టి
ఎడమచేతి బొటనేలితో అదిమిండు.
అది జారింది. మళ్ల పెట్టిండు.
మళ్ల జారింది.
నేను అటు చూడలేక
రోడ్డు దిక్కు తిరిగిన.
అతను ఒక్క కాయ వలిచేసరికి
తొమ్మిది లారీలు పోయినయి.