నాలుగు మోటర్లు

మల్లేపల్లిలో పాత కార్ల తుక్కు మధ్య
గొంతుక్కూచుని ఏరుకున్నాం వాటిని.
నాలుగు వైపర్ మోటర్లు,
ఏ వానల్లో ఎవరి అద్దాలు తుడిచాయో.

బోరబండ హైస్కూల్ ల్యాబులో, ఆమ్లాల బీరువా పక్కన
పిల్లలు వాటితో ఒక చెయ్యి చేశారు.
మ్యాన్‌హోల్లోకి దిగి
చీరపేలికలూ పాల కవర్లూ పట్టి పైకి లాగే చెయ్యి.
పేరు పెట్టమంటే శిరోమణి పెట్టలేదు.
"పేరెందుకు సార్, మా నాయిన దిగకుంటే సాలు."

స్కూళ్లు తెరిచిన వారంలో పోటీ కాగితం వచ్చింది.
రెండున్నర నిమిషాలు. ఎర్ర బంతులు ఒక బుట్టలోకి,
నీలం బంతులు ఇంకో బుట్టలోకి.
కొత్త మోటర్లకి డబ్బుల్లేవు.
"పోటీ అయ్యేదాకే" అన్నాను.
అన్నది నేనే, ఎవరి మీదికీ నెట్టను.
చెయ్యి విప్పుతుంటే రాలిన స్క్రూలన్నీ
శిరోమణి తన జామెట్రీ బాక్సులో దాచుకుంది.

ఘట్‌కేసర్ అవతల ఇంజనీరింగ్ కాలేజీ, ఏసీ హాలు.
ఒక్కో స్కూలుది ఒక్కో రంగు టీషర్టు.
మా బండి అట్టముక్కలతో, పీవీసీ పైపులతో
బంతుల్ని ఆకలిగా మింగింది.
రిమోట్ మీద సంగమేష్ వేళ్లు కనిపించలేదు, అంత వేగం.
యాభై రెండేళ్లవాణ్ని, కుర్చీ ఎక్కి అరిచాను.
గెలవడం ఎంత బాగుంటుందో ఒప్పుకోకపోతే
ఈ రాసిందంతా అబద్ధం.

తర్వాత జడ్జి అడిగింది,
మీరు నేర్చింది సమాజానికి ఎట్లా పనికొస్తుందని.
సంగమేష్ చార్టు విప్పాడు. చెయ్యి ఫోటో, రంగుల్లో.
ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.
ఇరవైకి పందొమ్మిది.
ఆ పూట ఆ చెయ్యి ల్యాబులో రెండిటుకల మీద
మోటర్లు లేకుండా గోడకి ఒరిగి ఉంది.
శిరోమణి చార్టు కొస పట్టుకుని నిలబడింది,
చుట్ట చుట్టుకుపోకుండా.

వచ్చేటప్పుడు బస్సులో కప్పు ఒళ్లు మారుతూ వచ్చింది.
ఉప్పల్ దగ్గర వాన. పిల్లలు కిటికీల్లోంచి చేతులు చాపారు.
తనొక్కతే రోడ్డు మీద నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తోంది.
"రాష్ట్రస్థాయి ఎప్పుడు సార్?"
"ఇంకో నెల."
"గట్లయితే మోటర్లు..."
నేను కప్పు వైపు చూశాను.

మర్నాడు బండికి రెండే ఉన్నాయి.
తాళం పగల్లేదు. చెవి ఎక్కడ పెడతానో ఆమెకి తెలుసు.
సంగమేష్ ఏడ్చాడు, తిట్టాడు,
కాసేపటికి "మరి రెండెందుకు ఉంచింది సార్?" అన్నాడు.
రెండింటితో బంతులు రావు.
రెండింటితో తడిసిన చీర పైకి రాదు.
ఆ ప్రశ్న చుట్టూ వారమంతా మెసిలాం,
ఎవరూ దాన్ని తాకలేదు.

శనివారం మళ్లీ మల్లేపల్లి.
ఇలియాస్ భాయ్ ఇంకో రెండు తీసి
లుంగీ అంచుతో మసి తుడిచాడు.
"ఇవి ఎటు తిరుగుతాయి?" అడిగాను, ఎందుకడిగానో.
నవ్వాడు. "మోటర్‌కేం ఎరుక సార్.
వైరు మారిస్తే ఇటు తిరిగేది అటు తిరుగుతది."

సంచీ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.
వాన ఆగలేదు.
పెద్ద అద్దం మీద ఒక్క వైపరే ఆడుతోంది,
డ్రైవర్ వైపుది.