పొట్టి స్టూలు

ఆదివారం పాఠం చదవమన్నారు నన్ను.
పద్దెనిమిదేళ్లు నడుము వంగిన ఆమె పాఠం.
పిలిచాడు, చేతులుంచాడు,
వెంటనే ఆమె నిటారుగా నిలబడింది.
ఆ 'వెంటనే' దగ్గర నా గొంతు పట్టేసింది.
దగ్గు అనుకున్నారు అందరూ.
వెనక బెంచీ నుంచి సిస్టర్ సత్యవేదమ్మ మంచినీళ్లు తెచ్చింది.

ఆ నీళ్ల సంగతే నా బాధ.

సోమవారం మర్రిగూడ దిక్కు బస్సు
తొమ్మిదింబావుకు దేవరకొండలో ఆగుతుంది.
ముందు కర్రలు దిగుతాయి, తర్వాత మనుషులు.
నర్రి ఇద్దమ్మ ముఖం మూడేళ్లు నాకు తెలియదు.
తెలిసింది నడినెత్తి పాపిడి,
కొప్పుకు గుచ్చిన పిన్నీసు,
వీపున రవిక పిగిలితే వేరే రంగు దారంతో వేసిన కుట్టు.
ఆమెకు తెలిసింది నా చెప్పులు.
"ఎడమది తెగేటట్టుంది డాక్టరమ్మా, కుట్టిచ్చుకో" అంది ఒకనాడు.

ఎక్స్‌రే వెలుగుకు అడ్డం పెడితే
ఎముకలు ఉండాల్సిన దానికన్నా తెల్లగా మెరుస్తాయి
పండక్కి సున్నం కొట్టిన గోడలా.
చూడటానికి బాగుంటుంది. అదే సిగ్గు.
నలభై ఏండ్లు బోరింగు కొట్టి కొట్టి తాగిన నీళ్లు
వెన్నులో రాయి అయి కూర్చున్నాయి.
నేను రాసేది నొప్పి గోళీ, క్యాల్షియం,
నల్లా నీళ్లే తాగమనే మాట.
నల్లా వచ్చింది.
ఆమె వంగిపోయాక వచ్చింది.

కాంపౌండర్ జకరయ్యకు నా మీద కోపం.
"చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యరేంది మేడం,
మన దవాఖాన పేరే కృప గదా!"
జకరయ్యా,
చీటీ పట్టుకొని నొప్పితో కూర్చున్న మనిషి
నాతో వద్దు అనగలదా?
కాదనలేని వాళ్ల నెత్తిన పెట్టే చెయ్యి
ఆయన చెయ్యిలా ఉంటుందా?
అతను మాట్లాడలేదు.
ఒకప్పుడు సూదులు ఉడకబెట్టిన గిన్నెలో
చాయ్ పెట్టుకున్నాడు.
నా జవాబు నాకే పూర్తిగా నచ్చలేదు.
పిరికితనానికి కూడా మర్యాద అని పేరు పెట్టుకోవచ్చు.

ఆ కథ రాసినాయనా వైద్యుడేనంటారు.
అయితే మర్నాటి సంగతి రాయలేదేం?
అదే ఊళ్లో ఇంకా వంగి ఉన్న
మిగతా వాళ్ల మాటేమిటి?
రాత్రి డ్యూటీలో, సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ
ఇదే అడుగుతుంటాను.
దీన్ని ప్రార్థన అనొచ్చో లేదో తెలియదు.
పోట్లాట అంటే సరిపోతుందేమో.

జవాబు రాలేదు.
వడ్ల సోమాచారి వచ్చాడు,
చర్చిలో చెదలు పట్టిన బెంచీ కోసెయ్యడానికి.
మిగిలిన మంచి చెక్కతో
జానెడున్నర ఎత్తు స్టూలు చెయ్యమన్నాను.
"పిల్లలకా?"
"నాకు."

ఇప్పుడు సోమవారాలు దాని మీదే నా కూర్చోవడం.
మోకాళ్లు గడ్డానికి తగులుతాయి,
కుచ్చిళ్లు ఫినాయిలు వాసన పడతాయి.
కుర్చీలో ఇద్దమ్మ, కింద నేను.
మొదటిసారి ఆమె కళ్లు చూశాను.
కుడికంట్లో శుక్లం, బాగా ముదిరింది.
ఎప్పటినుంచో అక్కడే ఉంది,
నేను పైనుంచి చీటీలు రాస్తూ ఉన్నాను.

నడుము నా వల్ల కాదు. కన్ను అవుతుంది.
నల్లగొండకు కాగితం రాశాను,
బస్సు కిరాయి జకరయ్య ఇచ్చాడు, నాకు చెప్పకుండా.

నెలకు వచ్చింది, నల్లద్దాలు నుదుటికి ఎత్తి.
కిందున్న నన్ను తేరిపార చూసింది.
"గింత నెరిసిందా బిడ్డా నీకు!
చెప్పు ఇంకా కుట్టియ్యలే?"
గోళీలు కొంగున ముడేసుకుంది.
లేవబోయి, కర్ర అందక,
నా తల మీద చెయ్యి ఆనించింది.

ఊత కోసమే.
మెడలో ఎల్లమ్మ దారం నా చెవికి తగిలింది.
బరువైన చెయ్యి, వేళ్లు చాచలేని చెయ్యి,
కాసేపు అట్లాగే ఉంచింది.
వెంటనే ఏమీ జరగలేదు.
గుమ్మంలో జకరయ్య
తర్వాతి పేరు పిలవడం మర్చిపోయాడు.