ఉప్పు నీళ్ళు

ఛత్రపురం ఆసుపత్రి, మూడో మంచం.
ఇనప స్టూలు మీద మిక్సీ అంత మిషను
గుర్రుగుర్రుమంటూ
పొగలాంటిదేదో వదులుతోంది.

ఒళ్ళో నా నాలుగు నెలల గుంటడు.
డొక్కలు లోపలికీ బయటికీ,
ఒడ్డున పడ్డ కవళ్ళ చేపలా.
గొంతులో పిల్లికూతలు.
పాలిస్తే రెండు గుక్కలకే వదిలేసి
నా మొహంలోకి చూస్తాడు,
లెక్క తప్పింది నేనే అన్నట్టు.

నర్సు చీటీ తీసి "నా కొణొ?" అంది.
పేరింకా పెట్టలేదమ్మా,
సూరత్ నుంచి వాళ్ళ నాన్న రావాలి అని
నాకొచ్చిన ఒడియాలో సగమే చెప్పగలిగాను.
దాలమ్మ కొడుకు, అని రాసుకుంది.

మాస్కు వాడి మొహాన్ని సగం మింగింది.
"ఏడవనీకు, ఏడిస్తే లోపలికి పోదు" అంటారు.
ఏడవకుండా ఉండడం
నేను మాత్రం ఎక్కడ నేర్చుకున్నాను?

ఇందులో ఏం మందమ్మా, చాలా ఖరీదా?
డాక్టరమ్మది పర్లాకిమిడి, తెలుగు బాగా వచ్చు.
"ఇంత పసివాళ్ళకి పెద్ద మందులు అంతగా పనిచెయ్యవు.
ఇది ఉప్పు నీళ్ళే, కఫం కాస్త కదులుతుంది.
మిగతాది వాడే చెయ్యాలి. మనం కాచుకోవాలి."

ఉప్పు నీళ్ళు!
నవ్వొచ్చింది. మింగేశాను.
హుమ్మా మడుల్లో పదకొండేళ్ళుగా
నేను గీరి పోగేసేదేమిటి మరి?
మడమ పగుళ్ళలో దూరి,
అన్నం కలిపే వేళ్ళను మండించే దాన్ని
తిట్టని పొద్దు లేదు.
వీడు కడుపులో ఉన్నప్పుడైతే
గంప దించిన ప్రతిసారీ తిట్టాను.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
మిషను ఆగిపోయింది.
చీకట్లో వాడి ఊపిరి ఒక్కటే
తడి చెక్క మీద రంపంలా.
పక్క మంచం ముసలామె, ఎవరో, ఒడియా ఆమె,
నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది.
ఏమీ అనలేదు.
ఎంతసేపో లెక్క పెట్టలేదు.
మళ్ళీ గుర్రు మొదలైతే
ఆమే ముందు "హఁ" అంది.

తెల్లారి ఎనిమిది గుక్కలు తాగాడు.
తొమ్మిదోది నా జాకెట్టు మీద కక్కాడు.
కూత ఇంకా ఉంది, సన్నగా.

ఫోను మోగింది.
మగ్గాల రొదలోంచి మా ఆయన:
"ఏం మందు పెట్టారే?"
మన మడుల్లోదే, అన్నాను.
వినబడలేదు.
"ఎంతయిందీ? ఎంతా?" అంటున్నాడు.