నక్క మెడ మీద గీత

ఆదివారం అబిడ్స్‌లో, షట్టర్లు దించిన కొట్ల ముందు
యాసీన్ భాయ్ నీలం పట్టా పరుస్తాడు.
ఎంసెట్ గైడ్లు, అల్లికల పత్రికలు, ఎవరిదో హోమియో వైద్యం,
వాటి అడుగున అట్ట ఊడిన నీతికథలు.
"మళ్ళా గదేనా సార్? రెండున్నయన్నరు గదా!"

ఉన్నాయి.
మొదటిదాంట్లో నక్క నిండుగా ఉంది,
బావి గట్టున, తోక చివరి వెంట్రుకతో సహా.
రెండోదాంట్లో మెడ మీద సన్నటి తెల్లగీత.
అచ్చుదిమ్మ నెర్రె విచ్చడం మొదలైన ఏడు.
ఇందులో ఆ గీత
చెవి దాటి చందమామ దాకా పోయింది.

చెక్కినవాడి పేరు లేదు.
మూలన ఒక్క "వె", అదీ తిరగబడి.
బొమ్మంతా అద్దంలోలా చెక్కి
తన అక్షరం దగ్గర మరిచిపోయాడు పాపం.
ఉలి తగిలిన చోటల్లా వెన్నెల,
తగలకుండా వదిలేసిందే రాత్రి.

కింద నీతి మాత్రం
మూడు అచ్చుల్లోనూ పొల్లు మారలేదు.
చీలుతున్నది నక్కే.

ఎనభై అన్నాడు, అరవైకి తెగింది.
చాయ్ అతనే పోయించాడు.

రాత్రి మలక్‌పేటలో, ట్యూబులైటు కింద
మూడూ పక్కపక్కన తెరిచాను.
కొంగనీ బావినీ నీతినీ
ఒకే కన్నంతో చదివేసిపోయింది పురుగు.
భూతద్దం పెడితే అప్పుడు కనిపించింది:
మూడో నక్క మెడ దగ్గర
గీతని ఎవరో పెన్సిలుతో పూడ్చారు.
కాస్త వంకరగా,
బాగా ఒత్తి.