ఆదివారం పదిన్నర

మల్కాపురంలో మా వరసకి ఒకటే టీవీ,
పైడమ్మ పిన్నిది.
గుమ్మంలో చెప్పులు విప్పి
చాపమీద ఇరుక్కుని కూర్చుంటే
పదిన్నరకి లేచేది అంతరిక్ష నౌక.

డాబా మీద యాంటెనా పట్టుకుని సింహాద్రి బావ:
"వచ్చిందా?"
"నక్షత్రాలొచ్చేయి, కెప్టెన్ రాలేదు!"
"ఇప్పుడో?"
"కదపకు బావా, అలాగే ఉండిపో!"
పాపం, ఆ కథంతా వాడు ఎండలోనే విన్నాడు.

కెప్టెన్ హిందీ మాకెవరికీ రాదు.
ఏ గ్రహంలో ఎవరెందుకు ఏడుస్తున్నారో
మేమే చెప్పుకునేవాళ్లం, తలో రకంగా.

నాన్న షిప్‌యార్డులో వెల్డరు.
ఒక్కసారి గుమ్మంలో నిలబడి చూసి
"ఆ తలుపు అట్టముక్కర్రా, అతుకు చూడండి" అన్నాడు.
రెండ్రోజులు మాటాడలేదు నేను.

ఆఖరి వారం తుఫాను. కరెంటు లేదు.
వాళ్లు ఇంటికి చేరారో లేదో
ఇప్పటికీ తెలీదు.
ఫోనులో దొరుకుతుందట. వెతకను.

నిన్న రాత్రి యారాడ కొండ దిగుతుంటే
సముద్రం, ఆకాశం ఒకటే నలుపు.
బెర్తు కోసం ఆగిన ఓడలు
కింద ఏమీ లేనట్టు
దీపాలతో వేలాడుతున్నాయి.
బండాపి లెక్కపెట్టాను. పదకొండు.

అందులో ఒకదాని తలుపు
తప్పకుండా అట్టదే.