మొదటి తీర్మానం

ప్రిన్సిపాల్ గారు ఒక గది ఇచ్చారు,
పద్నాలుగో నంబరు.
పాత జవాబుపత్రాల కట్టల్ని ఒక మూలకు తోసి
ఏడు కుర్చీలు వేసుకున్నాం.
ఎనిమిదో దానికి మూడే కాళ్ళు,
గోడకానించి దానిమీద పూలదండ పెట్టాం.

బ్యానరుకు మాత్రం ఏ లోటూ లేదు:
ప్రాంతీయ భూరాజకీయ అధ్యయన బృందం, కడప.
ప్రింటింగు షాపు కుర్రాడు ఆ మాట చదివి
"పట్టాదారు పాసుపుస్తకాల సంగతా సార్?" అన్నాడు.
కాదప్పా అన్నాను గానీ
పూర్తిగా కాదని చెప్పలేకపోయాను.

ముఖ్య అతిథి తిరుపతి నుంచి రావాలి.
రాజంపేట దగ్గర కారు ఆగిందని ఒకసారి,
అసలు బయల్దేరనే లేదని ఒకసారి
ఫోనొచ్చింది.
పదకొండు దాటాక కరెంటు కూడా
ఆయన దారే పట్టింది.
నాలుగు రాత్రులు కూర్చుని నేను తయారుచేసిన
హార్ముజ్ జలసంధి
ప్రొజెక్టరు నల్లగాజు వెనకే ఉండిపోయింది.

ఎకనామిక్స్ పెంచలయ్య హైస్కూలుకు పరిగెత్తి
గోడపటం ఒకటి చంకన పెట్టుకొచ్చాడు.
విప్పితే దుమ్ము. దుమ్ము కింద
చెక్కుచెదరని సోవియట్ యూనియన్.
"కానీండి సార్, సముద్రాలు మారలేదు గదా."

మొదలుపెట్టాను.
చమురు ధర, ఓడల బీమా, అగ్రరాజ్యాల ఎత్తులు,
కర్ర చివర పటమ్మీద పాకుతోంది,
ఏడుగురిలో ఇద్దరు ఫోన్లలోకి వెళ్ళిపోయారు.
టీ గ్లాసులు తీసుకుపోను వచ్చిన హుసేనమ్మ
ఉన్నట్టుండి కర్ర పక్కన ఆగింది.

"కువైట్ యాడుంది సార్ దీంట్లో?"

చూపించాను.
పేరు పట్టనంత చిన్న చోటు,
పేరును పక్కన సముద్రంలో అచ్చేశారు.
"పేరు నీళ్ళలో పడిందే," అంది,
"మేమేమో ఇసకలో ఉంటిమి."

ఫినాయిలు వాసన వేసే వేలు పటానికి ఆనింది.
"ఆగస్టు నెల. తెల్లారుజామున
రొట్టెలకు పిండి కలుపుతా ఉండా.
వీధిలో ట్యాంకులు.
సేటు వాళ్ళు కారెక్కి పోయినారు,
నన్ను ఇల్లు చూసుకోమని."

వేలు జరిగింది. బస్రా. బాగ్దాద్.
బస్సు ఆగిన చోటల్లా ఆగింది.
జోర్డాన్ సరిహద్దులో గుడారాలు,
నలుగురికి ఒక నీళ్ళ సీసా,
ఎవరి వంతు ఎంతో మూతతో కొలత.
అమ్మాన్ నుంచి విమానం, బొంబాయి నుంచి రైలు.

"రెండు నెల్ల జీతం ఇంగా రావాల సార్.
వాళ్ళ దేశం మళ్ళా వాళ్ళకొచ్చింది గానీ
నా దుడ్లు నాకు రాలా."

వేలు తీసేశాక చూశాం:
కువైట్ నుంచి అమ్మాన్ దాకా
దుమ్ములో ఒక శుభ్రమైన గీత.
షాహీన్ పెన్ను మూత తీసింది.
నేను కర్ర కింద పెట్టేశాను.

అతిథికని తెచ్చిన శాలువా కప్పబోతే
వెనక్కి జరిగింది.
"ఈ ఎండల్లో ఇదేంటికి?
ఆ కవరుంది గదా, అదియ్యండి."
అక్కడే లెక్కపెట్టుకుని కొంగున ముడేసింది.
పాత బాకీకి జమ అని నేననుకున్నాను,
ఆమె అట్లాంటి మాటేమీ అనలేదు.

మినిట్స్ పుస్తకంలో,
వక్త: దూదేకుల హుసేనమ్మ.
హోదా దగ్గర చెయ్యి ఆగింది.
కాంట్రాక్టు స్వీపరు అని రాస్తే నిజమే,
నిజమే గానీ చాల్లేదు.
ఆ గడి ఇప్పటికీ ఖాళీ.

తరువాతి సమావేశం శనివారం అని చదువుతుంటే
గ్లాసుల ట్రేతో గడప దాటుతూ కేకేసింది:
"శనివారం మేడంతా కడగాల. ఆదివారం పెట్టుకోండి."
ఆదివారం గేటుకు తాళం గదా, అన్నారెవరో.
ట్రే కిటికీలో పెట్టి,
బొడ్లోంచి తాళాలగుత్తి తీసి
ఎత్తి చూపించింది.

తీర్మానానికి లేచిన మొదటి చెయ్యి అది.
మిగతా ఏడూ
దాని తర్వాతే లేచాయి.