మూడో అంతస్తు గడప

కుండపెంకుల బొమ్మలు గీయడం నా ఉద్యోగం.
తార్నాకలో, ఉత్తరం కిటికీ ఉన్న గదిలో
ఇరవై రెండేళ్ళుగా
నల్లవీ ఎర్రవీ, అడుగు ఊడినవీ
గీస్తూనే ఉన్నాను.
ఎంత పగిలినా సరే
అంచు వంపు వేలెడంత మిగిలితే చాలు,
కుండ తన చుట్టుకొలత చెప్పేస్తుంది.
దొరకని భాగాన్ని మాత్రం
చుక్కల గీతతో గీయాలి. అది నియమం.

ఆ జనవరిలో హినాకో వచ్చింది,
అట్టపెట్టె నిండా పలచటి కాగితాలతో.
వాళ్ళ పాత కుండల మీద తడికాగితం పరిచి
సిరా అద్ది తీసిన అచ్చులు.
జోమోన్ అంది. తాడు ముద్ర అని అర్థమట.
వేల ఏళ్ళ కింద ఎవరో
నార పేనుకుని
పచ్చిమట్టి మీద దొర్లిస్తే పడిన చారలు.
భూతద్దం పెట్టి చూశాను.
వరస వరసగా పురి, పురి, పురి,
ఒక్కచోట తాడు జారింది.
అక్కడ ఆమె తలెత్తి ఉంటుంది,
లోపల బిడ్డ ఏడిస్తే.

ఆదివారం హస్మత్‌పేట తీసుకెళ్ళాను,
మావాళ్ళ ఇనుపకాలం సమాధులు చూపిద్దామని.
అపార్ట్‌మెంట్ల నడుమ గుండ్రంగా రాళ్ళు.
ఒకటి పిల్లల వికెట్టు,
ఒకదాని మీద ఎవరో ఆరేసిన దుప్పటి.
"రాకాసిగుళ్ళు మేడమ్" అన్నాడు కాపలా గాలయ్య.
హినాకో బూట్లు విప్పి పక్కన పెట్టింది.

రాయి నీడలో కూర్చుని
వాళ్ళ ఆదిదంపతుల కథ చెప్పింది.
నేను ముక్క ముక్కా తెలుగు చేసి గాలయ్యకి అందించాను.
నిప్పుని కన్న తల్లి ఇజనామి
ఆ పురుడులోనే కాలిపోయింది.
మొగుడు చీకటిలోకం దాకా వెతుక్కుంటూ పోయాడు.
నన్ను చూడకు, అంది.
దువ్వెన పన్ను విరిచి వెలిగించి చూశాడు.
పురుగులు.
పరుగెత్తి వచ్చి దారికి అడ్డంగా బండ దొర్లించాడు.
అవతల నుంచి ఆమె:
నీ జనంలో రోజుకి వెయ్యిమందిని చంపుతా.
ఇవతల నుంచి అతను:
అయితే రోజుకి పదిహేను వందల పురిటిగుడిసెలు వేస్తా.

గాలయ్య వేళ్ళు మడిచాడు.
"అంటే దినాం ఐదు నూర్లు మిగులుతై. మంచిదే."

మంచిదే.
కానీ నీలోఫర్‌లో తెల్లారుజామున పుట్టి
మధ్యాహ్నం టీ బండి వచ్చేలోపు పోయినవాణ్ణి
వాళ్ళిద్దరిలో
ఎవరు రాసుకున్నారు?
ఈ మాట నేను ఏ భాషలోకీ మార్చలేదు.

హినాకోకి ఏమర్థమైందో,
రాయి మీది ఇసుక తుడుస్తూ అంది:
పసివాళ్ళు పోతే ఆ కుండల్లో పెట్టి
ఇంటి వాకిట్లోనే పూడ్చేవారట.
తల్లి రోజూ దాటుతుంటే
ఏదో ఒకనాడు మళ్ళీ కడుపులోకి వస్తాడని.
వెంటనే సర్దుకుంది:
నిజంగా అలా నమ్మారో లేదో తెలీదు,
మేం తవ్వేవాళ్ళం, కుండే దొరుకుతుంది, నమ్మకం దొరకదు.

సాయంత్రం బోయిన్‌పల్లిలో మెట్లెక్కాను.
మాది మూడో అంతస్తు.
గడపకి పసుపు రాసి ఉంది, నేనే రాశాను.
దాని కింద మట్టి లేదు.
జానెడు సిమెంటు, ఇనుప చువ్వలు,
ఆ కింద రెండో అంతస్తువాళ్ళ సీలింగ్ ఫ్యాను.

పద్దెనిమిదేళ్ళుగా దాటుతున్నాను దీన్ని,
కూరగాయల సంచీతో, గ్యాస్ బిల్లుతో,
ఒక్కసారీ చూసుకోకుండా.

ఆ రాత్రి కరుణాకర్ నిద్రపోయాక
గ్రాఫ్ కాగితం తీశాను.
పెంకు లేదు, అంచు లేదు, కొలత లేదు.
మొదటి నుంచి చివరిదాకా చుక్కలతోనే
ఒక చిన్న గురిగి గీశాను,
రెండు చేతుల్లో పట్టేంత.
స్కేలు వేయలేదు.
నడుం దగ్గర ఒక్కచోట
గీత కొంచెం జారింది.

దిద్దలేదు.
కింద వాళ్ళ ఫ్యాను తిరుగుతూనే ఉంది.